పేరు లేని బైండు: కోనసీమ ఇంటి సేకరణల్లో జానపద నవలల వర్గీకరణ

1. ప్రస్తావన

కోనసీమలో పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాల్లోనో, అమెరికాలోనో స్థిరపడతారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని ఇల్లు అమ్మకానికో, పడగొట్టి కట్టడానికో వస్తుంది. అటక మీద, భోషాణంలో, ట్రంకు పెట్టెల్లో ఉన్న పుస్తకాలను ఏం చేయాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. దానికి సమాధానం సాధారణంగా ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది. భారత భాగవతాలు ఒక పక్కకు చేరతాయి. పేరున్న రచయితల నవలలు గ్రంథాలయానికో, అడిగిన బంధువులకో వెళతాయి. మిగిలినవి పాత పేపర్లతోపాటు కాటా ఎక్కుతాయి.

ఈ 'మిగిలినవి' అన్న కుప్పే ఈ వ్యాసానికి విషయం. అందులో ఎక్కువగా కనిపించేవి జానపద నవలలు. పత్రికల నుంచి చింపి కుట్టించుకున్న సీరియళ్లు, అట్ట ఊడిన కాశీమజిలీ కథలు, మాంత్రికుడి బొమ్మ ముఖచిత్రంగా ఉన్న చౌక నవలలు ఈ కోవలోకి వస్తాయి. సేకరణను ఏ ప్రాతిపదిక మీద వేరుచేస్తామన్నది గదిని సర్దుకునే సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఏది పుస్తకం, ఏది చిత్తుకాగితం అన్న తీర్పు ఆ పనిలోనే ఇమిడి ఉంది. రచయిత పేరును బట్టి వేరుచేసే పద్ధతి తెలుగు జానపద నవల విషయంలో ఆ తీర్పును తప్పుదారి పట్టిస్తుందని, పాఠకుడు తయారుచేసుకున్న బైండునే మొదటి ప్రమాణంగా తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. 'జానపద' అన్న మాటతో చిక్కు

మొదటి ఇబ్బంది పేరుతోనే మొదలవుతుంది. తెలుగు పరిశోధకులకు 'జానపద' అంటే మౌఖిక సంప్రదాయం. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడిన నాటి నుంచి ఈ అర్థం విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. అదే కాలంలో సామాన్య పాఠకుడికీ ప్రేక్షకుడికీ 'జానపదం' అంటే వేరొకటి. రాకుమారుడు, మాంత్రికుడు, ఒంటికన్ను రాక్షసుడు, మంత్రదండం, అంతుచిక్కని గుహ ఉన్న కథ అది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'ని జానపద చిత్రమని పిలవడానికి ఏ ప్రేక్షకుడూ ఏ జానపద విజ్ఞానిని సంప్రదించలేదు. ఇంగ్లీషులో ఫాంటసీ అనే ప్రక్రియకు తెలుగు పాఠకలోకం తనంతట తానే పెట్టుకున్న పేరు ఇది. విమర్శకులు దీన్ని పారిభాషిక పదంగా అంగీకరించకపోవడం వల్ల ప్రక్రియ చర్చకే రాకుండా పోయింది.

గ్రంథాలయ వర్గీకరణలో ఈ చిక్కు మరింత స్పష్టమవుతుంది. డ్యూయీ దశాంశ పద్ధతిలో జానపద విజ్ఞానం 398లో ఉంటుంది, తెలుగు సాహిత్యం 894.827లో ఉంటుంది. మాంత్రికుల నవలను 'జానపద' అన్న మాట చూసి మొదటి చోట పెడితే అక్కడ దానికి చుట్టాలు లేరు. రెండో చోట పెడితే రచయిత పేరు కావాలి. పేరు ఉన్నప్పుడు కూడా సమస్య తీరదు. విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'లో గుర్రపు తల గల గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చిపడతాడు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రకర్తా తిక్కనా కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. ఈ రెండూ నిస్సందేహంగా అద్భుత కల్పనలే. ఏ ఇంట్లోనైనా ఇవి విశ్వనాథ అలమరలో 'వేయిపడగలు' పక్కన ఉంటాయే తప్ప జానపద నవలల మధ్య ఉండవు. రచయిత కీర్తి ప్రక్రియను కప్పివేయడమంటే ఇదే. పేరున్నవాడు అద్భుతం రాస్తే వ్యంగ్యమనో తాత్త్విక కల్పన అనో అంటారు. పేరు లేనివాడు రాస్తే పిల్లల కథ అంటారు.

3. బైండు అనే గ్రంథరూపం

ఇంగ్లీషులో ఫాంటసీ ఒక ప్రత్యేక వర్గంగా స్థిరపడటంలో చౌక అట్ట పుస్తకానిది పెద్ద పాత్ర. టోల్కీన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1965లో అమెరికాలో ముందు ఏస్ సంస్థ అనుమతి లేని ముద్రణగానూ, ఆ వెంటనే బాలంటైన్ సంస్థ అనుమతి పొందిన ముద్రణగానూ చౌక రూపంలో వచ్చింది. 1969లో బాలంటైన్ లిన్ కార్టర్ సంపాదకత్వంలో పెద్దల ఫాంటసీ పుస్తకమాలను ప్రారంభించి, ముఖపత్రం మీద ఒంటికొమ్ము గుర్రపు తలను గుర్తుగా వేసింది. పాత పుస్తకాలు, కొత్త పుస్తకాలు, వేర్వేరు దేశాల రచయితలు ఆ గుర్తు కింద ఒక్క అలమరలోకి చేరారు. అక్కడ పుస్తకాలను వేరుచేసే పని ప్రచురణకర్త ముందే చేసిపెట్టాడు. సేకరణకర్త దాన్ని అనుసరిస్తే సరిపోయింది.

తెలుగులో ఆ పనిని ప్రచురణకర్త చేయలేదు. తెలుగు జానపద నవలకు ప్రధాన ఆధారం పత్రిక. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన 'చందమామ'లో 1954 నుంచి 1978 దాకా దాసరి సుబ్రహ్మణ్యం రాసిన పన్నెండు సీరియళ్లు వచ్చాయి. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు'. ఇన్నేళ్లలో ఏ ఒక్క సీరియల్ మీదా రచయిత పేరు అచ్చు కాలేదు. అవి వెంటనే పుస్తకాలుగానూ రాలేదు. నెలకు కొన్ని పుటలుగా వచ్చే కథ నవలగా మారాలంటే ఆ పని పాఠకుడే చేసుకోవాలి. అతడు చేసుకున్నాడు కూడా.

ఆ పని ఎలా జరిగేదో గమనించదగినది. సంచికలన్నీ జాగ్రత్తగా దాచాలి. సీరియల్ పూర్తయ్యాక పిన్నులు విప్పి ఆ పుటలను మాత్రమే వేరుచేయాలి. వరసగా పేర్చి బైండరుకు ఇవ్వాలి. అతడు దారంతో కుట్టి, మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, అట్ట వేసి, వీపున క్యాలికో గుడ్డ అతికి ఇస్తాడు. పైన పేరు ఇంట్లోవాళ్లే సిరాతో రాసుకుంటారు. కొందరు సంచికలను చింపడానికి మనసొప్పక ఏడాది సంచికలన్నీ కలిపి ఒకే బైండుగా కుట్టిస్తారు. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చిన్నది కాదు. సంవత్సరం వారీగా కుట్టించినవాడు పత్రికను దాచుకున్నాడు. సీరియల్ వారీగా కుట్టించినవాడు నవలను తయారుచేశాడు. రెండోవాడు చేసింది విమర్శకుడి పని. ఇది ఒక సమగ్ర కృతి, తక్కిన కథలనుంచి వేరుగా చదవదగినది అన్న నిర్ణయాన్ని అతడు కత్తెరతోనూ సూదితోనూ ప్రకటించాడు. తెలుగు విమర్శ ఆ నిర్ణయానికి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

సీరియల్ బైండులో ఇంకొక విశేషం ఉంది. పత్రికలో ఒక కథ పుట చివర ముగిసి, ఆ కాగితం వెనుక మరో కథ మొదలవడం మామూలే. కాగితాన్ని చింపినప్పుడు ఆ రెండోవైపు కూడా వెంట వస్తుంది. అందుకే ఇలాంటి బైండుల్లో ప్రధాన కథ మధ్యలో తుది లేని బేతాళ కథో, మొదలు లేని పురాణ కథో, సగం ప్రకటనో తగులుతుంది. ఈ అనాథ పుటలను కొందరు గళ్లగీతతో కొట్టేస్తారు, కొందరు తెల్లకాగితం అతికిస్తారు, చాలామంది అలాగే వదిలేస్తారు. వర్గీకరించేవారికి ఇవి చెత్తగా కనిపిస్తాయి. నిజానికి బైండులోని కథ ఏ సంచికల నుంచి వచ్చిందో, ఏ సంచిక దొరక్క ఏ భాగం తప్పిపోయిందో నిర్ధారించడానికి పరిశోధకుడికి దొరికే లోపలి సాక్ష్యం అవే.

రచయిత పేరు లేదన్నది నిజమే కాని, ఈ పుటల మీద అసలు ఏ పేరూ లేదనడం సరికాదు. బొమ్మల మూలన 'చిత్రా' అన్న సంతకం ఉంటుంది. దాసరి సీరియళ్లకు బొమ్మలు వేసిన చిత్రా పేరు నెలనెలా పాఠకుడి కంటబడింది. కథ రాసినవాడి పేరు పడలేదు. అందువల్ల ఆ తరం పాఠకుడికి ఈ నవలలు ఎవరివని అడిగితే ముందు గుర్తుకొచ్చేది ఆ రేఖలే. ఆకులు, కొండరాళ్లు, మొసళ్లు, జటాధారులు ఆ కుంచెలోంచి వచ్చిన రూపంలోనే ఊహలో నిలిచిపోయాయి. చిత్రా 1978లో మరణించారు, ఈ కోవ చివరి సీరియల్ కూడా ఆ ఏడుతోనే ముగిసింది. గ్రంథకర్త ఒక్కడే అన్న భావనతో తయారైన ఏ జాబితా అయినా ఈ జంట కర్తృత్వానికి చోటివ్వలేదు.

4. మజిలీ నుంచి సంచికకు

జానపద నవలకు ముందు తరం కాశీమజిలీ కథలు. రాజమహేంద్రవరంలో మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా సంతరించిన ఈ కథాసంపుటి కోనసీమకు గోదావరి దాటితే అందే దూరంలో పుట్టింది. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, కాళహస్తి తమ్మారావు వంటి ప్రచురణకర్తల ముద్రణలు గౌతమి, వశిష్ఠ పాయల మధ్యనున్న గ్రామాలకు తిరునాళ్ల దుకాణాల ద్వారానూ సంతల ద్వారానూ చేరడం సహజం. ఇంటి సేకరణల్లో ఈ పుస్తకాలు పురాణాల పక్కన కనిపించడం వింత కాదు. వీటిని పెద్దలు చదివారు. చందమామ బైండులను పిల్లలవిగా లెక్కపెట్టి వేరే పెట్టెలో వేశారు. ఒకే ప్రక్రియ ఒకే ఇంట్లో వయసును బట్టి రెండు పెట్టెలుగా విడిపోయింది.

నిర్మాణం దృష్ట్యా ఆ విభజన నిలవదు. కాశీమజిలీలో మణిసిద్ధుడనే యతి గోపబాలుణ్ని వెంటబెట్టుకుని కాశీకి నడుస్తాడు. ప్రతి మజిలీలోనూ బాలుడు ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, యతి మణి మహిమతో తెలుసుకుని కథ చెబుతాడు. కథ ఎంత దూరం పోవాలన్నది మజిలీ నిర్ణయిస్తుంది. పొద్దు గుంకితే ఆగాలి, తెల్లవారితే నడవాలి. వాయిదా పద్ధతి కథలోనే ఉంది. నెలనెలా వచ్చే సీరియల్‌లో ఆ మజిలీ కథ బయటకు వచ్చింది. యతి లేడు, బాలుడు లేడు, సంచిక చివర 'ఇంకా ఉంది' అన్న మాట ఉంది. నడిచేది ఇప్పుడు పాఠకుడు. అతడే నెలాఖరున వింత చూసి, వచ్చే నెల దాకా ప్రశ్నను మోసుకు తిరుగుతాడు.

బైండులో చదివినప్పుడు ఈ మార్పు మరో రకంగా కనిపిస్తుంది. ప్రతి భాగం మొదట గతకథ సంగ్రహం ఉంటుంది. నెలకొకటిగా చదివేవాడికి అది జ్ఞాపకం, ఒక్క బిగిన చదివేవాడికి పునరుక్తి. అయినా దాన్ని శ్రద్ధగా చదివితే ప్రయోజనం ఉంది. గతంలో జరిగిన పది విషయాల్లో ఏ రెండింటిని సంగ్రహంలో నిలిపారో చూస్తే, కథ ముందుకు వెళ్లే దారి గురించి రచయిత మనసులో ఏముందో కొంత తెలుస్తుంది. ఒక పాత్ర సంగ్రహాల్లోంచి మెల్లగా జారిపోయిందంటే కథలోంచీ జారిపోతోందని అర్థం. ప్రత్యేకంగా పుస్తకం కోసం సంస్కరించిన పాఠంలో ఈ ఆధారం మిగలదు.

దాసరి కల్పనలో సాహస వీరుడు తరచు ఒంటరి కాడు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి, 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు జంటలుగా నడుస్తారు. ఒంటరి రాకుమారుడి కథలో వీరుడు తనలో తాను ఆలోచించుకోవాలి, లేదా కథకుడు అతడి ఆలోచన చెప్పాలి. జంట ఉన్నప్పుడు ఆలోచన సంభాషణ అవుతుంది. పన్నెండేళ్ల పాఠకుడికి నెలవారీ కథలో ఇది చాలా పెద్ద సౌలభ్యం. ఈ పద్ధతిలో ఒక లోపమూ ఉంది. ఆపద ఎప్పుడూ బయటినుంచే వస్తుంది. మిత్రుల మధ్య సంఘర్షణకు చోటు తక్కువ. ఒక మాంత్రికుడు పోతే మరొకడు వస్తాడు, ఒక లోయ దాటితే మరో లోయ తగులుతుంది. సీరియల్‌గా ఇది ఉత్సాహం, బైండుగా ఒక్కోచోట అలసట. ఈ అలసటను దాచిపెట్టి ఈ నవలలను పొగడడం వాటికి మేలు చేయదు. నెలకు ఏడెనిమిది పుటల లయ కోసం రాసినది ఆ లయలోనే తూచాలి.

'హ్యారీ పోటర్' మొదటి నవల తెలుగులోకి వచ్చినప్పుడు దాని పేరు 'హ్యారీ పోటర్ పరుసవేది' అయింది. అనువాదానికి కావలసిన మాట తెలుగులో అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ మాటను పిల్లల నాలుక మీద నిలిపినవి చాలావరకు ఈ కథలే.

5. పాకెట్ పుస్తకాలు, అద్దె ముద్రలు

మూడో రకం పుస్తకాలు పాకెట్ నవలలు. ఎమెస్కో 'ఇంటింటా సొంత గ్రంథాలయం' పథకంతో చౌక పుస్తకాన్ని మధ్యతరగతి ఇంటిదాకా తెచ్చింది. డిటెక్టివ్, జానపద నవలల చౌక ముద్రణలు మాత్రం ఎక్కువగా అద్దె పుస్తకాల షాపుల ద్వారా చదువరులకు అందాయి. షాడో గూఢచారి నవలలతో పేరుపొందిన మధుబాబు జానపద నవలలు కూడా రాశారు. ఒక తరం పాఠకులకు చందమామ సీరియల్ తర్వాతి మెట్టు అది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'తో 1980ల మొదట్లో వెల్లువెత్తిన క్షుద్రశక్తుల నవలలను కూడా ఇదే అలమరలో పెట్టే అలవాటు ఉంది. ఇది సరికాదు. జానపద నవలలో మంత్రం లోకధర్మం, అందరూ దాన్ని నమ్ముతారు. క్షుద్ర నవలలో మంత్రం సందేహం, నమ్మాలా వద్దా అన్నదే కథ. ముఖపత్రం మీద పుర్రె ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఈ పుస్తకాల్లో సాధారణంగా ఏ విలువా లేనిదిగా చూసేది అద్దె షాపు రబ్బరు ముద్ర. ఊరి పేరు, పుస్తకం నంబరు, రోజు అద్దె, ఒక్కోసారి తిరిగి ఇచ్చిన తేదీల వరస దాని మీద ఉంటాయి. రచయిత పేరు మీద ఆధారపడలేని చోట ఈ ముద్ర విలువ మరింత పెరుగుతుంది. ఆ దశాబ్దాల్లో మారుపేర్లు సర్వసాధారణం, పురుషులు స్త్రీల పేర్లతో రాసిన సందర్భాలూ ఎన్నో. ముఖపత్రం చెప్పే పేరు అబద్ధం కావచ్చు. ఈ పుస్తకం రాజోలులో చదివారు అని చెప్పే ముద్ర అబద్ధమాడదు.

6. పునర్ముద్రణ ఉండగా బైండు ఎందుకు?

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో మరణించారు. ఆ తర్వాత ఆయన చందమామ సీరియళ్లు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. పాత చందమామల ప్రతిబింబాలు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. తేమ పట్టి, చెదలు తిన్న ఇంటి బైండును భద్రపరచవలసిన అవసరమేమిటి?

పునర్ముద్రణ చేసిన మేలును తక్కువ చేయలేము. అర్ధశతాబ్దం పాటు పేరు లేకుండా ఉన్న రచయితకు అది పేరు ఇచ్చింది, ఆయన మీద పరిశోధన సాధ్యమయ్యేలా చేసింది. అంతర్జాల ప్రతి పత్రికను కాపాడింది. ఈ రెండూ కాపాడలేనిది పాఠకుడు చేసిన కూర్పు. ఒక ఇంట్లో 'రాతిరథం', 'యక్షపర్వతం' కలిపి ఒకే బైండుగా కుట్టి ఉంటే, ఆ పాఠకుడు వాటిని ఒకే కథగా చూశాడా అన్న ప్రశ్న పుడుతుంది. తప్పిపోయిన సంచిక స్థానంలో ఎవరో నోట్‌బుక్ కాగితం మీద కథను రాసి అతికించి ఉంటే, అది పాఠకుడి జ్ఞాపకానికీ కల్పనకూ నమూనా. తెలుగులో పాఠక ప్రతిస్పందన గురించి సిద్ధాంతాలు చాలా చర్చించాము. ఆ ప్రతిస్పందన వస్తురూపంలో దొరికే చోటు మాత్రం కాటా ఎక్కుతోంది.

కోనసీమ విషయంలో నష్టం ఇప్పటికే తక్కువ కాదు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుఫాను ఈ ప్రాంతపు ఇళ్లను ఎలా దెబ్బతీశాయో తెలిసినదే. ఆ రెండింటినీ తట్టుకుని మిగిలినవి అటకల మీద ఎత్తున ఉన్నవే. వాటిని కిందికి దించే సందర్భం ఇల్లు ఖాళీ చేసేటప్పుడే వస్తుంది.

కాబట్టి వేరుచేసే క్రమం మారాలి. పెట్టెలోని వరసను చెదరగొట్టకముందే రాసిపెట్టుకోవాలి. ఏ పుస్తకం ఏ పుస్తకం పక్కన ఉందన్నది ఆ ఇంటి చదువుకు పటం. తర్వాత బైండులను విప్పకుండా, కత్తిరించకుండా ఒక వర్గంగా నిలపాలి. వాటికి పాఠకుడు పెట్టిన పేరునే గ్రంథనామంగా జాబితాలో ఎక్కించి, సీరియల్ అసలు పేరు, సంచికల కాలం, తప్పిన భాగాలు, అనాథ పుటల వివరం వేరుగా నమోదు చేయాలి. కర్త స్థానంలో రచయితతోపాటు చిత్రకారుడు కూడా ఉండాలి. అద్దె ముద్రలున్న పాకెట్ పుస్తకాలను ఊరి వారీగా చూడాలి. ముద్ర లేని, అట్ట లేని, మరోచోట సులభంగా దొరికే ప్రతులను వదిలేయడానికి సంకోచించనక్కరలేదు. అన్నీ దాచాలనేవాడు చివరికి ఏదీ దాచలేడు. రచయితల వారీ అమరిక ఈ పనులన్నీ అయ్యాకే.

జిల్లాలోని డిగ్రీ కళాశాలల తెలుగు శాఖలకు ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒక ఎం.ఏ. ప్రాజెక్టుకు ఒక్క ఇంటి సేకరణ చాలు. పెట్టె దించిన రోజున పుటలను లెక్కపెట్టి, ఫొటో తీసి, పట్టిక రాయగల విద్యార్థి ఒకరు పాత పేపర్లవాడి కంటే ముందు ఆ ఇంటికి చేరాలి.